గార్మెంట్ పనివాళ్ల చేతులకి ప్యాచ్ టెస్ట్: చేయించుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. చర్మానికి ఏ పదార్థం పడటం లేదో వీపు మీద పట్టీలు అతికించి తేల్చే పరీక్షని ప్యాచ్ టెస్ట్ అంటారు. బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ చేతుల దురదతో, పగుళ్లతో అవస్థ పడుతున్న ప్రతి ఒక్కరూ చేయించుకోదగిన పరీక్ష ఇది. ఐదు నక్షత్రాలకి నాలుగు ఇస్తాను. అయితే వీపు చూపించి కూర్చుంటే మిగతాదంతా డాక్టరే కనిపెట్టేస్తారని మాత్రం అనుకోవద్దు. మన టేబుల్ మీద ఏమేం ఉన్నాయో మనం చెప్పినంత వరకే ఇది జవాబిస్తుంది. నాకు పూర్తి జవాబు వచ్చిందంటే, నేను సంచీలో పట్టుకెళ్లిన వస్తువులే కారణం.

నా పని ఫినిషింగ్ సెక్షన్‌లో. కుట్టు లైన్ నుంచి వచ్చిన పీసు అందుకోవడం, వదులు దారాలు కత్తిరించడం, మరక ఉంటే మందు కొట్టి తీయడం, ఐరన్‌కి పంపడం. చేతిలో కత్తెర, పక్కన మరకల మందు, ఒళ్లో బట్ట. షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఈ మూడూ నన్ను వదలవు. మొదట వేళ్ల సందుల్లో దురద వచ్చింది. తర్వాత వేళ్ల చివర్లు ఎండిపోయి చీలికలు పడ్డాయి. నిమ్మరసమో ఉప్పో తగిలితే ప్రాణం పోయేది. ఆపైన మణికట్టు చుట్టూ ఎర్రటి పట్టీ ఒకటి తేలింది. చివరికి ముంజేతి లోపలి వైపు, మోచేతి మడతలో చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి.

సెలవులు కలిసొస్తే చర్మం నెమ్మదించేది. పనిలోకి వెళ్లాక మళ్లీ మొదలయ్యేది, అదీ మొదటి రోజు కాదు, ఒకటి రెండు రోజులు ఆగి. ఆ ఒకటి రెండు రోజుల ఆలస్యమే అందరినీ తికమక పెడుతుంది. ఇవాళ్టి దురదకి ఇవాళ ముట్టుకున్న బట్టే కారణం అనుకుంటాం, నిజానికి అది మొన్న ముట్టుకున్నదై ఉండొచ్చు. మిషన్ నూనె వల్లే అని ఒకరు, బట్టకి పట్టించిన మందు వల్ల అని ఇంకొకరు, సబ్బు మార్చమని మరొకరు. మా సూపర్‌వైజరు గారైతే "నీ ఒంటి తత్వం అమ్మా, అందరికీ లేదు కదా" అన్నారు. అందరికీ లేకపోవడమే అలర్జీ లక్షణమని తర్వాత డాక్టరు చెప్పారు. ఒకే బల్ల దగ్గర పదిమంది ఒకే వస్తువు ముట్టుకుంటే ఒకరిద్దరికే వస్తుంది, అదీ కొన్నిసార్లు ఏళ్లు గడిచాక వస్తుంది. "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెలా వస్తుంది" అన్న మాటకి అర్థం లేదు.

మందుల షాపులో తామర అన్నారు, ట్యూబు ఇచ్చారు. ఇలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానేయగానే ఇంతకి అంత అవుతుంది, ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడుతుంది. మా సెక్షన్‌లో ఈ ట్యూబు లేని హ్యాండ్‌బ్యాగు లేదంటే నమ్మండి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కారణం ఏమిటో వెతికేవాళ్లు లేరు, పైపైన ఆర్పేవాళ్లే అందరూ.

పరీక్ష గురించి చెప్పే ముందు ఒక గందరగోళం తీర్చాలి. అలర్జీ పరీక్ష అనగానే చేతి మీద సూదితో చిన్నగా గుచ్చి పావుగంటలో చూసేది గుర్తొస్తుంది, లేదా రక్తం తీసి పెద్ద జాబితా ఇచ్చే పరీక్ష గుర్తొస్తుంది. ఆ రెండూ ఐజీఈ అనే యాంటీబాడీ కోసం చేసేవి. దుమ్ము పడక తుమ్ములు రావడం, కొన్ని తిండి పదార్థాలు పడకపోవడం, రబ్బరు పాలలోని (లేటెక్స్‌లోని) ప్రొటీన్ వల్ల వెంటనే దద్దుర్లు లేవడం లాంటివాటికి అవి పనికొస్తాయి. రంగు, నికెల్ అనే లోహం, రబ్బరు రసాయనం తగిలి నెమ్మదిగా వచ్చే చర్మం జబ్బుని అవి పట్టుకోలేవు. ఇక్కడ పనిచేసేవి టి కణాలనే తెల్ల రక్తకణాలు. అవి శత్రువుని గుర్తుపట్టి చర్మంలోకి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే పరీక్ష కూడా రోజుల తరబడి సాగుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు. 1895లోనే జోసెఫ్ యాడసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు పాదరసం పడని రోగి మీద ఈ పద్ధతి చేసి చూపించాడు. నాతో పనిచేసే, ఓవర్‌లాక్ మిషన్ మీద కుట్టే అక్క ఒకామె రక్తపరీక్షకి బోలెడు ఖర్చు పెట్టి, బూజు, బొద్దింక అంటూ ఒక కాగితం తెచ్చుకుంది. ఆమె చేతుల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

డాక్టరు గారు చేతులు చూడకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఏ చేత్తో కత్తెర పడతావు, బట్ట ఒళ్లో పెట్టుకుంటావా బల్ల మీదా, గ్లౌజులు ఏ రకం, ఎప్పుడు తొడుగుతావు, తలకి రంగు వేస్తావా, గిల్టు కమ్మలు పడతాయా, ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు. నేను సంచీ విప్పి బల్ల మీద పెట్టాను: ఫ్యాక్టరీలో ఇచ్చే గ్లౌజుల జత, వాటి డబ్బా మీది అట్టముక్క, ముదురు నీలం లైనింగ్ బట్ట ముక్క, నలుపు లైనింగ్ ముక్క, మెటల్ బటన్లు రెండు, నేను రాసుకునే క్రీము, మరకల మందు డబ్బా లేబుల్ ఫొటో. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఇలా తెచ్చేవాళ్లు పదిమందిలో ఒకరు ఉండరమ్మా" అన్నారు. ముందు పెద్దగా ఆలోచించి తెచ్చినవేం కావు, చెప్పడం రాదు కాబట్టి చూపిద్దామని తెచ్చాను. మీరు మాత్రం ఆలోచించే పట్టుకెళ్లండి.

ఇక పరీక్ష. చొక్కా బటన్ అంత వెడల్పుండే చిన్న చిన్న గిన్నెలు వరసగా అతికించిన టేపు పట్టీలు ఉంటాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం, చాలావరకు వాసెలిన్‌లో కలిపి, కొన్ని నీళ్లలో. ఎంత పాళ్లలో కలపాలో లెక్క ఉంటుంది. నికెల్ సల్ఫేట్ చాలాచోట్ల 5 శాతం, పొటాషియం డైక్రోమేట్ అనే క్రోమియం ఉప్పు అర శాతం. అంతకంటే ఎక్కువైతే పడనివాళ్లకే కాదు, అందరికీ చర్మం మండుతుంది. ఆ పట్టీలు వీపు పైభాగాన అతికించి, ఏ గిన్నె ఎక్కడుందో చెరగని పెన్నుతో గీతలు గీశారు. 48 గంటలు అలాగే ఉంచాలి. తర్వాత పట్టీలు తీసి మొదటిసారి చూస్తారు. అతికించిన దగ్గర్నుంచి 72 లేదా 96 గంటలకి రెండోసారి చూస్తారు. కొన్ని లోహాలు, స్టెరాయిడ్ మందులు ఏడో రోజుకి కానీ బయటపడవు కాబట్టి కొందరిని అప్పుడు కూడా రమ్మంటారు.

ఈ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, బరువులు మోయకూడదు. ఐరన్ టేబుల్ దగ్గర ఆవిరిలో నిలబడేవాళ్లకి ఇది అయ్యే పని కాదు, సెలవు పెట్టుకోవాల్సిందే. జీతం కోత ఉంటుందని ముందే లెక్కేసుకోండి. వీపు మీద స్టెరాయిడ్ రాయకూడదు, ఎండ తగలనివ్వకూడదు. ప్రెడ్నిసొలోన్ లాంటి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, పరీక్ష తప్పుగా 'ఏమీ లేదు' అని రావొచ్చు. మామూలు దురద మాత్ర, అంటే యాంటీహిస్టమిన్, ఈ పరీక్షకి పెద్దగా అడ్డు రాదన్నారు. గర్భిణులకి సాధారణంగా వాయిదా వేస్తారు.

రెండో రోజు రాత్రి నుంచి ఎడమ భుజం కింద ఒకచోట విపరీతమైన దురద. గోకడానికి లేదు. గోడకి ఆనుకోవడానికీ లేదు. ఒక్కటి చెప్పగలను: దురద ఎక్కడ పుట్టిందో అక్కడే జవాబు ఉంది.

రీడింగ్ అనేది చూస్తే అయిపోయే పని అనుకున్నాను. ఆవిడ లైటు పక్కకి వంచి చూశారు, ఆపైన ఒక్కో గుర్తు మీద వేలితో తడిమారు. చామనఛాయ, నలుపు చర్మాల మీద ఎరుపు సరిగ్గా కనపడదట. కింద చర్మం గట్టిపడి ఉబ్బిందా, చిన్న గింజలు తగులుతున్నాయా అన్నది వేలికే తెలుస్తుందట. మా అమ్మాయి ఫోన్‌లో తీసిన ఫొటోలో నాకు గోధుమరంగు మచ్చలు తప్ప ఏమీ కనిపించలేదు. డాక్టరు వేలికి మాత్రం తేడా తెలిసింది. కాబట్టి "ఫొటో పంపించండి చాలు, రెండోసారి రానక్కర్లేదు" అనే చోట ఈ పరీక్ష చేయించుకోకండి. రెండోసారి చూడటానికి ఇంకో కారణం ఉంది. ఘాటుకి మండిన మచ్చ మొదటిసారి చూసినప్పుడు ఎర్రగా, అంచు గీసినట్టు ఉండి, రెండోసారికి వాడిపోతుంది. నిజమైన అలర్జీ మచ్చ రెండోసారికి ఇంకా పెరుగుతుంది, గిన్నె అంచు దాటి పాకుతుంది. ఒక్కసారే చూసి రాసిన రిపోర్టులో ఈ రెండూ కలిసిపోతాయి. ఫలితాన్ని ఒకటి, రెండు, మూడు ప్లస్ గుర్తులతో రాస్తారు. అనుమానం ఉంటే ప్రశ్న గుర్తు పెడతారు.

నాకు వచ్చినవి: థయూరామ్ మిక్స్‌కి రెండు ప్లస్‌లు. టెక్స్‌టైల్ డై మిక్స్‌కి, అంటే బట్టల రంగులు కొన్ని కలిపిన మిశ్రమానికి, రెండు ప్లస్‌లు. నా గ్లౌజు ముక్కకి, ముదురు నీలం లైనింగ్ ముక్కకి ఒక్కో ప్లస్. నికెల్‌కి ఒకటి. ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన రసాయనానికి ఏమీ లేదు.

మొదటిది చూసి నాకు నోట మాట రాలేదు. థయూరామ్ అంటే రబ్బరు గట్టిపడి సాగే గుణం రావడానికి గంధకంతో పాటు కలిపే రసాయనాల్లో ఒకటి. యాక్సిలరేటర్లు అంటారు. కార్బమేట్లు, మెర్కాప్టోబెంజోథయజోల్ కూడా ఆ కోవలోవే. చేతులు కాపాడుకోమని ఇచ్చిన గ్లౌజులే చేతుల్ని తింటున్నాయి. మణికట్టు చుట్టూ ఆ ఎర్రటి పట్టీ సరిగ్గా గ్లౌజు అంచు ఆగేచోట ఉంది. చేతులు పగిలేకొద్దీ గ్లౌజులు ఎక్కువసేపు తొడిగాను, తొడిగేకొద్దీ లోపల చెమటకి ఆ రసాయనం ఇంకా దిగింది.

డబ్బా మీద 'లేటెక్స్ లేదు, పౌడర్ లేదు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మాట నిజమే, కానీ నా జబ్బుకి దానితో సంబంధం లేదు. లేటెక్స్ ప్రొటీన్ అలర్జీ వేరు, యాక్సిలరేటర్ అలర్జీ వేరు. నైట్రైల్ గ్లౌజుల్లో లేటెక్స్ ఉండదు కానీ వాటిలో చాలావాటికి యాక్సిలరేటర్లు కలుపుతారు. యాక్సిలరేటర్లు లేవని ప్రత్యేకంగా రాసి అమ్మే నైట్రైల్ గ్లౌజులు ఉన్నాయి. డబ్బా మీద ఆ మాట కనపడాలి, లేదా కంపెనీ కాగితంలో ఉండాలి. వినైల్ గ్లౌజుల్లో ఈ రసాయనాలు ఉండవు, అందుకని పొడి పనికి నేను అవే వాడుతున్నాను, లోపల సన్నటి నూలు గ్లౌజు వేసుకుని. అయితే మరకల మందుకి వినైల్ ఆగదు. ఆ మాటకొస్తే డైక్లోరోమీథేన్ లాంటి ద్రావకాల ముందు సన్న నైట్రైల్ కూడా ఆగదు. పైకి చిరగకపోయినా లోపలికి ఇంకిపోతుంది. ఏ ద్రావకానికి ఏ గ్లౌజు ఎంతసేపు ఆగుతుందో చెప్పే పట్టికని గ్లౌజు కంపెనీలే ఇస్తాయి. అడగాల్సింది కొనేవాళ్లు.

రెండోది రంగులు. పాలిస్టర్, ఎసిటేట్, నైలాన్ బట్టలకి డిస్పర్స్ రంగులు వేస్తారు. ఈ రంగు పోగుకి రసాయనికంగా అతుక్కోదు, పోగు లోపల ఇరుక్కుని ఉంటుందంతే. రంగు సరిగ్గా పట్టకపోయినా, అదనపు రంగు సరిగ్గా కడగకపోయినా చెమటకి, రాపిడికి బయటికి వస్తుంది. ముదురు నీలం, నలుపు, గోధుమ రంగుల్లో ఎక్కువ. వీటిలో డిస్పర్స్ బ్లూ 106, 124 అనే రెండు ఎంత పేరుమోసినవంటే, తాకితే వచ్చే చర్మం జబ్బుల మీద పనిచేసే అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2000 సంవత్సరానికి వాటిని ఆ ఏటి అలర్జీ కారకాలుగా ప్రకటించింది. నా ముంజేతి లోపలి పొక్కులకి అర్థం అప్పుడు తెలిసింది. లైనింగ్ కట్టలు ఎత్తేటప్పుడు సరిగ్గా అక్కడే ఆనతాయి, నాకు చెమట పట్టేదీ అక్కడే. వేసుకునేవాళ్లకైతే చంక అంచుల్లో, మెడ దగ్గర, తొడల లోపల, బట్ట ఒరుసుకునేచోట వస్తుంది. మనకి మాత్రం మోసేచోట, ఒళ్లో పెట్టుకునేచోట వస్తుంది. ఈ తేడా తెలియని డాక్టరు చేతుల మీద పొక్కులు చూసి రంగు సంగతి ఊహించకపోవచ్చు, అందుకే మనం పని చేసే తీరు చేసి చూపించాలి. నేను గదిలో లేచి నిలబడి కట్ట ఎత్తి చూపించాను.

పీపీడీ అనే జుట్టు రంగు పదార్థానికీ ఈ రంగుల్లో కొన్నిటికీ చుట్టరికం ఉంది. ఒకటి పడకపోతే రెండోది కూడా పడకపోవచ్చు. అయితే మామూలు జాబితాలో పీపీడీ ఒక్కటే ఉండి బట్టల రంగులు లేకపోతే, పీపీడీకి ఏమీ రాలేదని రంగులకి కూడా ఏమీ లేదనుకోకూడదు. నాకు పీపీడీకి రాలేదు, రంగుల మిక్స్‌కి వచ్చింది. ఈ మిక్స్ యూరప్ ప్రామాణిక జాబితాలో చేరిందే 2015లో. చాలా క్లినిక్కుల్లో ఉండే చిన్న జాబితాలో ఇది ఉండదు.

మా సెక్షన్ అంతా శాపనార్థాలు పెట్టే ఫార్మాల్డిహైడ్ నా విషయంలో నిర్దోషి అని తేలింది. దాని గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇంకొకరికి అదే అసలు కారణం కావొచ్చు. ముడతలు పడని బట్టలకి వేసే రెసిన్ అనే పూత నుంచి అది కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. వేడి, తేమ తగిలితే ఎక్కువ వస్తుంది. అంటే ఐరన్ చేసేవాళ్లకి, కొత్త తానులు మూసి ఉంచిన గదిలో పనిచేసేవాళ్లకి, కటింగ్‌లో పొరలు పరిచేవాళ్లకి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 లాంటి ధ్రువీకరణలో పెద్దవాళ్ల ఒంటికి తగిలే బట్టలో కిలోకి 75 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, చంటిపిల్లల బట్టలకి ఇంకా చాలా తక్కువ. మంచి నియమమే. కానీ అది తొడుక్కునేవాళ్లని దృష్టిలో పెట్టుకున్నది. కొన్నవాళ్లు ఒకసారి ఉతికి ఒక్క చొక్కా తొడుక్కుంటారు. మనం ఉతకని చొక్కాలు షిఫ్టు పొడవునా వందలకొద్దీ ముట్టుకుంటాం. ఇంకోటి, ప్యాచ్ టెస్టులో ఏమీ రాలేదంటే చర్మానికి అలర్జీ లేదని మాత్రమే. ఆ ఘాటుకి కళ్లు మండటం, గొంతు పట్టుకోవడం అలర్జీ లేకపోయినా ఉంటాయి. పైగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2004లో మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. 'నాకు అలర్జీ లేదు కదా' అని గాలి ఆడని గదిని భరించక్కర్లేదు.

నికెల్ సంగతి పాతదే. చిన్నప్పటి నుంచి గిల్టు కమ్మలు నాకు పడవు. ప్లస్ వచ్చినంత మాత్రాన ఇప్పటి జబ్బుకి అదే కారణం కాదని, పనిలో దానితో సంబంధం ఉందో లేదో విడిగా తేల్చాలని చెప్పారు. నా కత్తెర హ్యాండిల్ మీద, మెటల్ బటన్ మీద దూదితో రెండు చుక్కల మందు రుద్దారు. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అట. నికెల్ విడుదలవుతుంటే దూది గులాబీ రంగుకి మారుతుంది. బటన్ దగ్గర మారింది, కత్తెర దగ్గర మారలేదు. నేను బటన్ సెక్షన్ కాదు కాబట్టి ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లలేదు. స్నాప్ బటన్లు, రివెట్లు బిగించేవాళ్లకి ఈ చిన్న పరీక్ష బంగారం. పరీక్షకి ఉపయోగించే కిట్టు ఇంట్లోనూ వాడొచ్చు.

ఇప్పుడు ఒక నక్షత్రం ఎందుకు కోసేశానో చెప్తాను.

మరకల మందుని నా వీపు మీద పరీక్షించలేదు. అందులో ఏముందో తెలియకుండా పెట్టడం ప్రమాదం, చర్మం కాలుతుందన్నారు. ఆవిడ చేసింది సరైన పనే. కానీ ఆ డబ్బాకి ఉండాల్సిన సేఫ్టీ డేటా షీటు కోసం స్టోర్స్‌లో అడిగితే దొరకడానికి చాలా పాట్లు పడాల్సి వచ్చింది. ఈ షీటులో 16 భాగాలు ఉంటాయి. మనకి కావాల్సింది మూడోది, ఏమేం కలిసాయో చెప్పేది, ఎనిమిదోది, ఏ గ్లౌజు తొడగాలో చెప్పేది. రెండో భాగంలో హెచ్317 అని కనిపిస్తే చర్మానికి అలర్జీ తెప్పించగలదని, హెచ్315 అంటే చర్మాన్ని మండిస్తుందని అర్థం. మా డబ్బాకి రెండోదే ఉంది. అంటే మరకల మందు నాకు అలర్జీ తేలేదు కానీ చర్మం మీది కొవ్వుని కడిగేసి, పగుళ్లు తెచ్చి, రంగుకీ రబ్బరు రసాయనానికీ తలుపు తెరిచి పెట్టింది. చేతుల జబ్బుల్లో ఇలా ఒరిపిడికి, ఘాటుకి వచ్చేవే అలర్జీ కంటే ఎక్కువట. వాటిని ప్యాచ్ టెస్ట్ పట్టుకోదు. అన్నీ నెగటివ్ వచ్చి "నీకేం లేదు పో" అనిపించుకుని వచ్చినవాళ్లు దయచేసి ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. అలర్జీ లేదంటే జబ్బు లేదని కాదు, పని వల్ల వచ్చింది కాదనీ కాదు.

వీపంతా ఒకేసారి రెచ్చిపోతే అన్నీ పాజిటివ్‌గా కనపడే ప్రమాదం ఉంది, చేతులు బాగా పొంగి ఉన్నప్పుడు చేయకపోవడం అందుకే. చాలా అరుదుగా పరీక్ష వల్లే కొత్త అలర్జీ మొదలవ్వచ్చని కూడా ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. దాచకుండా చెప్పినందుకు నాకు నమ్మకం పెరిగింది.

అసలు లోటు రిపోర్టులో ఉంది. రసాయనాల పేర్లు, ప్లస్‌లు తప్ప ఏమీ లేదు. దాన్ని పట్టుకెళ్లి ఫ్యాక్టరీలో చూపిస్తే "ఈ పిల్ల ఇక పనికి రాదు" అని అర్థం చేసుకుంటారేమో అని నాకు నిద్ర పట్టలేదు. మా సెక్షన్‌లో చేతులు దాచుకుని పని చేసేవాళ్లు ఉన్నారు, ఆ భయంతోనే. నేను మళ్లీ వెళ్లి డాక్టరు గారిని వేరే కాగితం అడిగాను. ఏం చేయలేనో కాదు, ఏం మారిస్తే చేయగలనో రాయమన్నాను. ఆవిడ రాసింది ఇంతే: థయూరామ్, కార్బమేట్ లేని గ్లౌజులు ఇవ్వాలి. మరకలు తీసే పని చేతికి తగలకుండా స్ప్రే గన్‌తో చేయించాలి, లేదా ఆ బల్ల నుంచి మార్చాలి. ముదురు రంగు పాలిస్టర్ కట్టలు ఒళ్లో కాకుండా బల్ల మీద పెట్టుకోనివ్వాలి, పొడుగు చేతుల నూలు బట్ట తొడుక్కోనివ్వాలి. ఈ కాగితం చూసి మా హెచ్ఆర్ మేడమ్ ఏమీ అనలేదు, నన్ను చెకింగ్ బల్లకి మార్చారు. గ్లౌజులు మాత్రం ఇప్పటికీ నేనే కొనుక్కుంటున్నాను. అది సరికాదు, అడుగుతూనే ఉన్నాను.

చేతులు ఎలా ఉన్నాయంటే, మణికట్టు పట్టీ ముందు పోయింది. వేళ్ల చివర్లకి చాలా నెలలు పట్టింది, పైకి నున్నగా కనిపించినా లోపల చర్మం కోలుకోవడానికి సమయం పడుతుందట. వాసన లేని వాసెలిన్ చేతులు కడిగిన ప్రతిసారీ రాస్తాను. మార్చాల్సినవి ఇంట్లోనూ ఉన్నాయి: అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు, నలుపు పాలిస్టర్ లంగాలు. ఒకసారి వచ్చిన అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మందుతో పోదు, దూరం పెడితేనే నిద్రపోతుంది.

అపాయింట్‌మెంటు తీసుకునే ముందు ఫోన్‌లోనే మూడు సంగతులు అడగండి. బట్టల రంగులు, రెసిన్లు, రబ్బరు రసాయనాలు ఉన్న జాబితాతో చేస్తారా, లేక మామూలు చిన్న జాబితాయేనా? రెండు రోజుల తర్వాత ఒకసారి, నాలుగు రోజుల తర్వాత ఇంకోసారి డాక్టరే స్వయంగా చూస్తారా? నా గ్లౌజు ముక్క, బట్ట ముక్క తెస్తే పెడతారా? మూడింటికీ అవునంటే వెళ్లండి. రెండోదానికి కాదంటే మాత్రం ఇంకో చోటు వెతుక్కోండి.